సంత స్త్రీల నివేదికకు పరిష్కర్త కావాలి

నేత ఇండ్లలో ఆడవారి పని మగ్గం గుంట దగ్గరే ఆగిపోదని మనకందరికీ తెలిసిన సంగతే. కండెలు చుట్టేది ఆమె. పడుగు సాగదీసి గంజి పట్టించేటప్పుడు తెగిన పోగు అతికేది ఆమె. నేసిన తువ్వాళ్ళు, రవికె గుడ్డలు మూటగట్టి సంతకు మోసుకుపోయేదీ చాలా ఇండ్లలో ఆమే. మగ్గం మూలబడిన ఇండ్లలో అయితే ఆ మూటలో గుడ్డలకు బదులు టమేటాలు, మిరపకాయలు, చింతపండు చేరినవి.

ఇట్టి స్త్రీలకు సంతలో మిగిలేదెంత, అప్పు ఎక్కడ దొరుకుతున్నది, కూర్చునే చోటికి భద్రత ఉన్నదా లేదా అని విచారించి నివేదికలు వ్రాయించే పని ఇప్పుడు చాలా సంఘాలవారు తలపెడుతున్నారు. మంచి పనే. విచారణకు మనుషులను పెడతారు, అచ్చుకు డబ్బు కూడబెడతారు. మధ్యలో ఒక మనిషి కావాలన్న సంగతి మాత్రం మరచిపోతారు. వ్రాసినదానిని అచ్చుకు పోకముందు చదివి, దిద్ది, అడగవలసినది అడిగే మనిషి. ఆ మనిషిని ఎట్లా కుదుర్చుకోవాలో, ఆ మనిషి చేయవలసినదేమిటో, చేయకూడనిదేమిటో ఈ వ్యాసంలో వివరిస్తాను. 'ఇదీ ఒక విషయమేనా' అని కొందరికి తోచవచ్చు. నాకూ ఒకప్పుడు అట్లాగే తోచింది.

కొన్నేండ్ల క్రిందట నేను సభ్యుడుగా ఉన్న ఒక సంఘం పక్షాన అటువంటి నివేదిక తయారైంది. ఊరి పేరు, దిద్దినవారి పేరు ఇక్కడ అనవసరం. సంతలో తువ్వాళ్ళు అమ్మే ఒక పెద్దమ్మను మా కుర్రవాడు 'సంత రోజు ఎంత వస్తుంది' అని అడిగాడు. 'పదహారు నూర్లు వ్యాపారమైతాది నాయనా' అన్నది ఆమె. వాడు అట్లాగే వ్రాసుకొన్నాడు. దిద్దినవారు చదువుకొన్నవారే. 'వ్యాపారం' అన్న మాట అక్కడ మోటుగా ఉన్నదని 'దినసరి ఆదాయం 1,600 రూపాయలు' అని సవరించారు. పట్టికలు వేసిన మరొకరు దానిని 30తో గుణించి నెలకు 48,000 అని ఎక్కించారు. మేమంతా చేవ్రాళ్ళు చేశాము.

మన వైపు 'వ్యాపారమైంది' అంటే అమ్మకమైందని అర్థం. కన్నడంలోనూ అదే వాడుక. ఆ పెద్దమ్మ 1,600 రూపాయల అమ్మకంలో సరుకు కొన్నది 1,250. బస్సుకు, ఆటోకు కలిసి 60. సంత సుంకం 20. పగలు తిండికి 30. పొద్దున తెచ్చిన పెట్టుబడికి వడ్డీ 40. వెరసి 1,400. మిగిలినది 200. వారానికి నాలుగు సంతలు తిరిగితే 800, నాలుగు వారాలకు 3,200. మా నివేదిక ఆమెను 48,000 సంపాదించే మనిషిగా లోకానికి చూపింది. తర్వాత ఆ నివేదికనే జతపరచి వడ్డీ తక్కువ అప్పు కోసం మేము దరఖాస్తు పెడితే, ఇంత రాబడి ఉన్నవారికి ఈ సాయమెందుకని ప్రశ్న వచ్చింది. జవాబు చెప్పడానికి మాకు మూడు నెలలు పట్టింది. 'నా రేషన్ కార్డుకు ఏమైనా అవుతుందా' అని ఆ పెద్దమ్మ రెండుసార్లు మా ఇంటికి వచ్చి అడిగిపోయింది. ఆమె చెప్పినది నిజమే, వ్రాసుకొన్నదీ నిజమే, తప్పు జరిగినది దిద్దేటప్పుడు.

ఇక్కడ మాట అర్థం తేల్చుకోవాలి. సంపాదకుడంటే పత్రిక నడిపేవాడని మన మనస్సులో నాటుకొన్నది. ఒక నివేదికకు కావలసినది ఆ రకం మనిషి కాదు. పూర్వం తాళపత్రాల గ్రంథాలు అచ్చువేసేటప్పుడు ప్రతులను సరిపోల్చి తప్పులు తీర్చేవారిని పరిష్కర్తలు అనేవారు. మనకు కావలసినది పరిష్కర్త. పోగు తెగితే అతికేవాడు గాని, మన పడుగు కోసి పక్కన పడేసి తన పేకతో కొత్త చీర నేసేవాడు కాడు.

ఆ పని మూడు తరగతులుగా ఉంటుంది. మొదటిది, నివేదిక నడకను చూడడం: ఏది ముందు, ఏది వెనుక, చెప్పినదే మూడుసార్లు చెప్పామా, పట్టికలో అంకె ఒకటి, ప్రక్కన వ్రాతలో అంకె ఒకటిగా ఉన్నవా. రెండవది భాష: వాక్యం తెలిసేలా ఉన్నదా, ఒకే వస్తువుకు అంతటా ఒకే పేరు వాడామా. మూడవది అచ్చు తప్పులు, ప్రూఫులు. చాలామంది ఈ మూడవదానికే డబ్బిచ్చి మూడూ జరిగాయని అనుకొంటారు. మా సంఘంలో జరిగినది అదే. అందులోనూ మొదటి పని చేసినవారు అసలు లేనేలేరు. ఉండి ఉంటే, వారానికి నాలుగు సంతలు చేసే మనిషికి 30 రోజుల రాబడి ఎట్లా వచ్చిందని అంచున ఒక ప్రశ్న వ్రాసి ఉండేవారు.

మాటకున్న బలం మన దేశంలో పెద్ద లెక్కల్లోనే కనబడుతుంది. 1961 జనాభా లెక్కల్లో స్త్రీలలో నూటికి 28 మంది పనివారుగా తేలారు. 1971లో ప్రశ్న వేసే తీరు మార్చి, మీ ముఖ్యమైన పని ఏది అని అడిగారు. ఇంటి పనే ముఖ్యమని ఎందరో చెప్పారు, లేదా వారి తరపున మగవారు చెప్పారు. పనివారైన స్త్రీల వంతు సుమారు సగానికి పడిపోయింది. పదేండ్లలో దేశంలోని ఆడవారిలో సగం మంది పని మానుకొన్నారా? లేదు. అడిగిన మాట మారింది, అంతే.

గోదావరి జిల్లా నరసాపురం లేసు పని మరొక దృష్టాంతం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లికపని తర్వాత ఎగుమతి వర్తకమైంది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ అక్కడి స్త్రీలను విచారించి వ్రాసిన గ్రంథం 1982లో అచ్చయింది. దినానికి ఆరు, ఎనిమిది గంటలు సూది పట్టుకొని కూర్చునే స్త్రీలను వర్తకులూ అధికారులూ 'ఇంట్లో ఉండేవారు, తీరికవేళ అల్లుకొనేవారు' అని అంటున్నారని ఆమె చూపింది. 'తీరికవేళ' అన్న ఆ ఒక్క మాటతో కూలి తగ్గింపుకు సమర్థన దొరికింది. ఇటువంటి మాట మన నివేదికల్లోనూ తరచు పడుతుంది. 'భర్తకు చేదోడుగా', 'ఇంటి పనుల మధ్య', 'చిల్లర వ్యాపారంగా' అన్నవి వినడానికి ముచ్చటగా ఉండే మాటలు. పరిష్కర్త అయినవాడు వాటిని చూచినప్పుడు కలం నిలిపి, ఎన్ని గంటలు, ఎన్ని రూపాయలు అని అడగాలి.

మన పరిశ్రమలోనే మాట బాగుపడితే ఏమవుతుందో చూడండి. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనలో నేసేవారినే గాక కండెలు చుట్టడం వంటి అనుబంధ పనులు చేసేవారినీ లెక్కించారు. మొత్తం 35 లక్షల పైచిలుకు పనివారు తేలితే, వారిలో 25 లక్షల పైచిలుకు స్త్రీలు. అంటే నూటికి 72 మంది. కండె చుట్టడం పని అని ముందే వ్రాసుకొని అడిగారు గనుక ఆ పని చేసే మనిషి కనబడింది.

ఇక మంగళవాడ సంగతి చూద్దాం. కర్ణాటకంలో తుమకూరు జిల్లా, పావగడ తాలూకా గ్రామం. ఆ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర నేలే. ఇంట్లో తెలుగు, బడిలో, కచేరీలో కన్నడం, బ్యాంకు కాగితం మీద తరచు ఇంగ్లీషు. ఆ తాలూకాలోనే వై.ఎన్. హొసకోటలో పట్టు మగ్గాలున్నవి. సరిహద్దు దాటితే మడకశిర, హిందూపురం, ఇంకా ముందుకు పోతే ధర్మవరం. ఇట్టిచోట ఒక స్త్రీ తెలుగులో చెప్పిన మాట కన్నడ నివేదికలో పడి, అక్కడినుంచి ఇంగ్లీషు సంగ్రహంలోకి పోతుంది. రెండు కాలువలు దాటిన నీరు ఎంత మిగులుతుందో రైతునడిగితే చెబుతాడు.

అప్పు మాటలనే తీసుకోండి. మనవారు చేబదులు అంటారు. అది వడ్డీ లేనిది, ఇరుగుపొరుగు మర్యాద మీద నడిచేది. 'నూటికి రెండు' అంటారు. అది నెలకు, ఏడాదికి 24 అన్నమాట. మరొకటి సంతలవారికి తెలిసినదే: పొద్దున 900 చేతికిచ్చి, సాయంత్రం 1,000 తీసుకొంటారు. ఒక్క పూటకు నూటికి పదకొండు రూపాయలు. ఈ మూడింటినీ కన్నడంలో 'సాల' అని, ఇంగ్లీషులో 'లోన్' అని వ్రాసి, వడ్డీ గడిలో 0, 2, 11 అని మాత్రం వేస్తే చదివే బ్యాంకు అధికారి ఏమనుకొంటాడు? వీరికి మనకంటే చవకగానే అప్పు దొరుకుతున్నదే అనుకొంటాడు. నెలకో, పూటకో, ఏడాదికో అని ప్రతి గడిలో వ్రాయించడం పరిష్కర్త పని. అందుకనే మంగళవాడ వంటి ఊరికి ఇంగ్లీషు మాత్రమే బాగా వచ్చిన మనిషి ఎంత గొప్పవాడైనా చాలడు. తెలుగు వినగలిగి, కన్నడం వ్రాయగలిగినవాడు కావాలి. మొదటి ప్రతి కన్నడమా, తెలుగా, ఇంగ్లీషా అన్నది కూడా పని మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, చెప్పిన భాషలోనే, అంటే తెలుగులోనే, మొదటి ప్రతి ఉండాలి. తక్కినవి దానినుంచి దించుకోవచ్చు.

ఎక్కడ కాపురం, ఎక్కడ అమ్మకం అనే భేదం ఇంకా ముఖ్యమైనది. వీధి వ్యాపారుల రక్షణకు పార్లమెంటు 2014లో చేసిన చట్టం పట్టణాలకు వర్తించేది. పురసభ ఉన్నచోట పట్టణ విక్రయ సమితి ఉండాలి. అందులో నూటికి 40 మందికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వారిలో మూడవ వంతు స్త్రీలు. పల్లె సంత ఈ చట్టం క్రిందికి రాదు, పంచాయతీ చేతిలో ఉంటుంది. అయితే 2020లో కేంద్రం ప్రారంభించిన స్వనిధి అప్పుల పథకంలో, చుట్టుపట్ల పల్లెలనుంచి వచ్చి పట్టణ పరిధిలో అమ్ముకొనేవారికి కూడా చోటున్నది. వారికి పట్టణ సంస్థ సిఫారసు పత్రం కావాలి. మొదటి అప్పు అప్పట్లో 10,000. 2025లో చేసిన మార్పుతో 15,000 అయింది. గడువు 2030 మార్చి దాకా పొడిగించారు. కనుక మంగళవాడలో కాపురముండి పావగడ పట్టణంలో అమ్ముకొనే స్త్రీని గురించి 'మంగళవాడ గ్రామ వ్యాపారిణి' అని మాత్రం వ్రాసి ఊరుకొంటే, కాగితం మీద ఆమెకు ఆ తలుపు మూసుకొనిపోయినట్లే. 'కాపురం మంగళవాడ, అమ్మకం పావగడ పట్టణం' అని రెండు గడులు పెట్టించాలి. సరిహద్దు దాటి ఆంధ్రలో అమ్మేవారుంటే మరొక గడి. పరిష్కర్తకు చట్టం కంఠతా రానక్కరలేదు గాని ఈ ప్రశ్న తట్టాలి.

అదే తాలూకాలో పెద్ద సౌర విద్యుత్ క్షేత్రం ఉన్నది. 2,050 మెగావాట్లది, తిరుమణి చుట్టుపట్ల అయిదు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాలు. నేలను కొనకుండా రైతులనుంచి కౌలుకు తీసుకొన్నారు. కౌలు సొమ్ము పట్టాదారుకు వస్తుంది. ఆ చేలల్లో కూలికి పోయిన ఆడమనిషి పేరు కౌలు కాగితంలో ఉండదు, ఉండే వీలూ లేదు. ఆమె ఇప్పుడు గంప నెత్తిన పెట్టుకొని సంతకు వస్తే, మన నివేదికలో 'వ్యాపారం చేయాలనే ఉత్సాహంతో వచ్చినవారు' అనే పద్దులో చేరిపోవచ్చు. ఎందుకు వచ్చావమ్మా అని అడిగారా, అడిగి ఉంటే ఆ జవాబు ఏ పుటలో ఉన్నది అని పరిష్కర్త అంచున వ్రాయాలి. సమాధానం లేకపోతే విచారించినవారు మళ్ళీ సంతకు పోవలసిందే.

అచ్చులో పడిన మాట చేతికి ఆయుధమైన కథ ఒకటి గుడ్డల వర్తకంలోనిదే ఉన్నది. అహమదాబాదులో 1971లో బట్టల బజారులో మూటలు మోసే స్త్రీలు తమ కూలి కష్టాలను బట్టల మిల్లు కార్మికుల సంఘంలో స్త్రీల విభాగం నడిపే ఇలా భట్‌తో చెప్పుకొన్నారు. మూట బరువు, దూరం చూడకుండా నడకకు ఇంత అని ఇచ్చేవారు, నడకల లెక్కా సరిగా ఉండేది కాదు. ఆమె ఈ సంగతులు పత్రికలో వ్రాసింది. వర్తకులు కోపించి, మేము న్యాయంగానే ఇస్తున్నామని, రేట్లు చెబుతూ తామూ పత్రికలో ప్రకటించారు. స్త్రీల విభాగంవారు వర్తకుల మాటలనే చిన్న కార్డుల మీద అచ్చొత్తించి మూటలు మోసేవారి చేతికిచ్చారు. కార్డు చూపించి, మీరే చెప్పిన కూలి ఇది, ఇవ్వండి అని అడిగారట. ఆ వరుసలోనే 1972లో 'సేవా' సంఘం పుట్టింది. యజమాని లేనివారికి కార్మిక సంఘమేమిటని రిజిస్ట్రేషన్‌కు మొదట అభ్యంతరం వచ్చింది. 'కార్మికురాలు' అన్న మాటకు అర్థమేమిటని వాదించి గెలవవలసి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం నియమించిన సంఘానికి ఆమె అధ్యక్షత వహించి 1988లో ఇచ్చిన 'శ్రమశక్తి' నివేదిక దేశంలో ఇట్టి స్త్రీల పనిని పెద్దయెత్తున కాగితం మీదికి ఎక్కించింది.

సముద్రం అవతల కూడా ఇదే పని నడుస్తున్నది. మన తెలుగువారు 1903 నుంచి కూలి ఒప్పందాల మీద ఫిజీ దీవులకు పోయి చెరకు తోటల్లో పనిచేశారు. అక్కడి సంతల్లో అమ్ముకొనేవారిలో ఎక్కువమంది స్త్రీలే. ఫిజీ, సాలమన్ దీవులు, వనువాటు దేశాల సంత స్త్రీల కోసం ఐక్యరాజ్యసమితి స్త్రీల సంస్థ 2014లో ఒక పెద్ద ప్రణాళిక చేపట్టింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం సొమ్ము ఇచ్చింది. సంతల్లో వ్యాపారుల సంఘాలు ఏర్పరచడం అందులో ముఖ్యమైన పని. అటువంటి పెద్ద సంస్థలు తమ నివేదికలకు పరిష్కర్తను ప్రకటన ఇచ్చి, పని ఇంత, గడువు ఇంత, రుసుము ఇంత అని వ్రాసుకొని కుదుర్చుకొంటాయి. మనకు అంత సొమ్ము లేకపోయినా ఆ పద్ధతి మాత్రం మనమూ అనుసరించవచ్చు.

మరి మనిషిని ఎక్కడ వెదకాలి? పింఛను తీసుకొన్న బడిపంతులు, పత్రికలో పనిచేసి మానుకొన్నవారు, రెండు భాషలూ తెలిసిన వకీలు గుమాస్తా, ఎవరైనా కావచ్చు. మన ఇండ్లలోనే డిగ్రీ చదివి కూర్చున్న ఆడపిల్లలున్నారు. వారికి సంత భాష తెలుసు, కండె తెలుసు. నేర్పితే వారికంటే తగినవారు దొరకరని నా నమ్మకం. మగవారికి చెప్పని మాట ఆడపిల్లకు చెబుతారు కూడాను. అయితే వ్రాసినవారే దిద్దడం కుదరదు. తన తప్పు తనకు కనబడదు.

సిఫారసుల కంటే పరీక్ష మేలు. చిత్తుప్రతిలోని రెండు పుటలు, అందులో ఒక పట్టిక ఉండేలా చూచి, ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి. ఆ పనికి చిన్న మొత్తమైనా ఇవ్వాలి, ఉచితంగా చేయించుకోవడం మర్యాద కాదు. మూడు రోజుల తర్వాత ఒకరు ఏ గీతా లేకుండా చక్కని సాపు ప్రతి తెస్తారు. మరొకరు అంచుల నిండా ప్రశ్నలు వ్రాసి తెస్తారు: ఇది అమ్మకమా, మిగులా? ఈ వడ్డీ నెలకా? ఈమె, 7వ పుటలోని ఆమె ఒకరేనా? సాపు ప్రతి చూడ్డానికి బాగుంటుంది. ప్రశ్నలు వేసినవారిని కుదుర్చుకోండి.

రుసుము పుట లెక్కన మాట్లాడుకోవడం మంచిది. పుటకు 250 మాటలు అని లెక్క కట్టడం ఈ పనిలో వాడుక. గట్టిగా దిద్దవలసిన ప్రతి అయితే గంటకు రెండు మూడు పుటలకు మించి సాగదు. 60 పుటల నివేదికకు 20 నుంచి 30 గంటలు పడుతుందన్నమాట. చదువుకొన్న మనిషి గంటకు మీ ఊళ్ళో ఏమి ఇస్తారో దానిని బట్టి బేరం తెగుతుంది. పట్టిక పుటలకు వేరుగా మాట్లాడుకోవాలి, అవి మెల్లగా నడుస్తాయి. సొమ్ము మూడు వాయిదాలుగా ఇవ్వండి: ఒప్పందం నాడు కొంత, మొదటి దిద్దుబాటు చేతికి వచ్చినప్పుడు కొంత, ఊళ్ళో చదివి వినిపించిన తర్వాత మిగిలినది. ఆ చదివి వినిపించడం సంగతి క్రింద చెబుతాను.

ఒప్పందం ఒక్క కాగితం చాలు. ఎన్ని పుటలు, ఎన్నిసార్లు దిద్దాలి, ఏ తేదీకి, ఏ భాషలో. భేదాభిప్రాయం వస్తే తుది మాట ఎవరిది. పుస్తకంలో పరిష్కర్త పేరు వేస్తారా లేదా. వీటితోపాటు ఒక షరతు తప్పక ఉండాలి: స్త్రీల మాటలు గుర్తుల మధ్య ఉన్నవాటిని అడగకుండా మార్చరాదు. అన్నది 'పదహారు నూర్లు' అయితే అచ్చులోనూ అదే పడాలి. కావలిస్తే ప్రక్కన అంకె వేయవచ్చు.

గుట్టు మరొక షరతు. తనకు పూట వడ్డీకి అప్పిచ్చేది ఎవరో, సుంకం వసూలు చేసేవాడు రసీదు ఇవ్వకుండా ఎంత తీసుకొంటున్నాడో ఒక అక్క నమ్మి చెబుతుంది. మరునాడు అదే మనిషి దగ్గరే ఆమె చేయి చాచాలి, అదే సంతలో గోనెపట్ట పరచాలి. పేరు తీసివేస్తే చాలునని అనుకోకండి. 'రావిచెట్టు క్రింద తువ్వాళ్ళు అమ్మే, ఇద్దరు బిడ్డల తల్లి అయిన వితంతువు' అని వ్రాస్తే చిన్న ఊళ్ళో పేరు వ్రాసినట్లే. చెట్టో, తువ్వాళ్ళో, బిడ్డలో, ఏదో ఒకటి రెండు తీసివేయాలి. నిజం చెడకుండా ఏది తీయవచ్చో తేల్చడానికి నిదానం కావాలి. ఈ రోజుల్లో ఫోనులోనే యంత్రం అనువాదం చేసిపెడుతున్నది, దిద్ది కూడా పెడుతున్నది. పని తేలిక అవుతుందనడంలో సందేహం లేదు. అయితే పేర్లున్న ప్రతిని దానికి అప్పగించరాదు. అది అనువదించిన మాటను ముందు వెనుక చూడకుండా నమ్మనూ రాదు. చేబదులును, పూట వడ్డీని అది ఒకే మాటగా మార్చిపెట్టే ప్రమాదం మనిషికున్నంతా దానికీ ఉన్నది.

పని మొదలుపెట్టేటప్పుడే మాటల పట్టిక ఒకటి చేసి పరిష్కర్త చేతికివ్వండి. వ్యాపారం అంటే అమ్మకం. మిగులు అంటే ఖర్చులు పోగా నిలిచినది. చేబదులు, నెల వడ్డీ, పూట వడ్డీ వేరు వేరు. కండె చుట్టడం పని, సాయం కాదు. ఇట్లా ఒక పుట. దాని ప్రక్కన కన్నడ మాట, ఇంగ్లీషు మాట. ఈ ఒక్క పుట ఉంటే తర్వాత ఎవరు దిద్దినా దారి తప్పరు.

ఆ పట్టికలో 'సాధికారత' అన్న మాటను ఎక్కడ పెట్టాలో నాకూ సులభంగా తోచలేదు. భారత ప్రభుత్వం 2001ని స్త్రీల సాధికారతా సంవత్సరంగా ప్రకటించింది. అప్పటినుంచి ఈ మాట లేని కాగితం లేదు. తెలుగులో సాధికారత అంటే అధికారం కలిగి ఉండడం. కన్నడంలో సబలీకరణ, అంటే బలం కలిగించడం. రెండూ ఒకటి కావు. బలం మరొకరు ఇచ్చేది కావచ్చు, అధికారం తనదిగా ఉండేది. సంతలో అడిగితే ఈ రెండు మాటలూ ఎవరికీ పట్టవు. 'నా దుడ్డు నా రొంటిన ఉండాల', 'కూచున్న చోట లేవగొట్టకుంటే చాలు' అని ఇటువంటి మాటలు వినబడతాయి. నివేదికకు అట్ట మీద సాధికారత అని ఉండనివ్వండి, సొమ్మిచ్చేవారికి అది కావాలి. లోపలి పుటల్లో మాత్రం రొంటిన దుడ్డు ఎవరి చేతిలో ఖర్చవుతున్నది, చోటికి చీటీ ఉన్నదా, సుంకానికి రసీదు ఉన్నదా అని విడివిడిగా ఉండేలా పరిష్కర్త చూడాలి.

ఇక చదివి వినిపించడం. రెండవసారి దిద్దిన తర్వాత, అచ్చుకు పంపకముందు, ఆ స్త్రీలను ఒకచోట కూర్చోబెట్టి నివేదికను తెలుగులో చదివి వినిపించాలి. సంత లేని రోజు, మగ్గాలు నిలిచే అమావాస్య నాడు అయితే అందరికీ వీలు. మొత్తం 60 పుటలూ అక్కరలేదు. వారి మాటలున్న చోట్లు, పట్టికలు, చివర మనం అడుగుతున్న కోరికలు చాలు. పరిష్కర్త అక్కడ ఉండి తీరాలి. చదివే మాట మధ్యలో ఎవరో ఒకరు 'నేనట్లా అనలేదే' అంటారు. 'సుంకం ఇరవై కాదు, పండుగ సంతలో నలభై తీసుకొంటారు' అని ఇంకొకరు సర్దుతారు. ఒక్కోసారి ఒక స్త్రీ, నా మాట తీసివేయండి అంటుంది. కారణం అడగకుండా తీసివేయాలి. మేము ఆ పెద్దమ్మకు ఆనాడు ఈ విధంగా చదివి వినిపించి ఉంటే 48,000 అన్న అంకె వినగానే ఆమె నవ్వి ఉండేది, మాకు మూడు నెలలు మిగిలేవి.

ఒక చిన్న సంగతి మిగిలింది. చిత్తుప్రతిని, పరిష్కర్త అంచుల్లో ప్రశ్నలు వ్రాసిన ప్రతిని అచ్చయిన తర్వాత పారవేయవద్దు. ఈ అంకె ఎక్కడిదని తాలూకా కచేరీలోనో, బ్యాంకులోనో అడిగినప్పుడు చూపడానికి అవే ఆధారం. గుడ్డలో చుట్టి సంఘం బీరువాలో పెట్టండి. స్త్రీల పేర్లున్న పట్టిక మాత్రం ఆ బీరువాలో వద్దు. దానిని వేరొక చోట, వేరొక తాళం క్రింద ఉంచాలి.